ఆ ఊరి నీళ్లు... ఆ ఊరి బీరు!

ఆరంతస్తుల బ్రూవరీ. అందులో 1899నాటి ఆవిరియంత్రం. పీపాల సరఫరాకు గుర్రపుబండి. చుట్టుపక్కల పట్టణాల్లోని పెద్దపెద్ద బ్రూవరీలన్నీ ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఇంగ్లండ్‌లోని హుక్‌ నార్టన్‌ అనే పల్లెలో మాత్రం ఓ చిన్న బ్రూవరీ పుట్టినచోటే ఉండి, తన బావుల నీళ్లతోనే సంప్రదాయ ‘ఏల్స్‌’ తయారుచేస్తోంది.

బాన్‌బరీ పట్టణం నుంచి నైరుతిగా ఎనిమిది మైళ్లు వెళితే హుక్‌ నార్టన్‌ వస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌ ఉత్తరపు అంచున ఉన్న పల్లె అది. దారి పొడవునా గొర్రెల మందలు, పచ్చిక బీళ్లు, గోధుమ చేలు. ఊళ్లో ఇళ్లన్నీ ఒకే రంగులో ఉంటాయి. ఇనుము కలిసిన స్థానిక రాయితో కట్టినవి కావడంతో సాయంత్రపు ఎండ పడితే తేనె పూసినట్టు మెరుస్తాయి. ఊరి నడుమ పాతకాలపు చర్చి. అందులో నార్మన్‌ రాజుల కాలంనాటి రాతితొట్టి. దానిమీద ఆదాము, అవ్వలతోపాటు ధనుస్సు, కుంభ రాశుల బొమ్మలు కూడా చెక్కి ఉంటాయి. ఇలాంటి ఊళ్లు ఆ దేశంలో చాలానే ఉన్నాయి కదా అనుకుంటూ ముందుకెళ్తే ఊరి చివర ఓ సందు మలుపు తిరగ్గానే కనిపిస్తుందది!

దూరం నుంచి చూస్తే ఎవరో జమీందారు సరదాకి కట్టుకున్న వింత మేడలా ఉంటుంది. కింద రాతిగోడలు, వాటిమీద ఇటుకలు, ఆపైన చెక్కపలకల గదులు. ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోయినట్టు ఆరంతస్తులు. బీరు తయారయ్యే రోజున మాల్ట్‌ ఉడుకుతున్న కమ్మటి వాసన ఆ సందుల్లో తేలివస్తుంది. రాగిజావ కాస్తున్న వంటింట్లోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది. అదే హుక్‌ నార్టన్‌ బ్రూవరీ. ఊరివాళ్లు ముద్దుగా పిలుచుకునే పేరు ‘హుకీ’!

రైతు మొదలుపెట్టాడు

ఈ బ్రూవరీ కథ 1849లో మొదలైంది. జాన్‌ హ్యారిస్‌ అనే రైతు ఊరి చివరి పొలంలో బార్లీ గింజల్ని మాల్ట్‌గా మార్చే పని పెట్టుకున్నాడు. మాల్ట్‌ చేతిలో ఉన్నాక బీరు ఎంత దూరం? తన దగ్గరే తయారుచేసి చుట్టుపక్కల పొలాల్లోవాళ్లకీ పబ్బులకీ అమ్మడం మొదలుపెట్టాడు. ఆరోజుల్లో అక్కడ ఇది కొత్తేం కాదు. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు చేసేవాళ్లు.

హ్యారిస్‌కు కలిసొచ్చింది రైలు. బాన్‌బరీ నుంచి చెల్టన్‌హామ్‌ వైపు రైలుమార్గం వేయడానికి 1870ల్లో పనులు మొదలయ్యాయి. హుక్‌ నార్టన్‌ దగ్గర లోయ దాటించాలంటే ఎత్తయిన వంతెనలు కట్టాలి, కొండ తొలిచి సొరంగం తవ్వాలి. వందలాది కూలీలు వచ్చి దిగారు. పగలంతా రాళ్లు మోసి, మట్టి తవ్వి, సాయంత్రానికి నోరెండిపోయి వచ్చేవాళ్లకు కావాల్సింది హ్యారిస్‌ దగ్గర ఉంది! ఆ తర్వాత ఇనుపరాయి గనుల్లో పనిచేసేవాళ్లు తోడయ్యారు. గిరాకీ పెరిగింది, పాత పాకలు చాల్లేదు.

దాంతో విలియం బ్రాడ్‌ఫర్డ్‌ అనే ఆర్కిటెక్టును పిలిపించారు. బ్రూవరీలు కట్టడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ఇప్పుడు కనిపించే ఆరంతస్తుల కట్టడం ఆయన గీసిందే. 1900 నాటికి పూర్తయింది. తమాషా ఏంటంటే... ఆ వ్యాపారాన్ని పెంచిన రైలు ఇప్పుడు లేదు. 1951లో ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి, తర్వాత పట్టాలూ తీసేశారు. లోయలో వంతెన తాలూకు రాతిస్తంభాలు మాత్రం దేన్నీ మోయకుండా అలా నిలబడి ఉన్నాయి. కూలీల దాహం తీర్చిన బ్రూవరీ మాత్రం పనిచేస్తూనే ఉంది.

నీరు పల్లమెరుగు!

బీరు చేయడానికి ఆరంతస్తులెందుకు? ‘నీరు పల్లమెరుగు’ అన్న మన సామెతలోనే ఉంది జవాబు. విద్యుత్‌ మోటార్లు లేని రోజుల్లో నీళ్లనీ ధాన్యాన్నీ ఒక్కసారి పైఅంతస్తుకి చేర్చేస్తే చాలు. ఆ తర్వాత ప్రతి దశలోనూ సరుకు తనంతట తానే కింది అంతస్తుకి జారుతుంది. పైనుంచి ధాన్యంగా బయల్దేరింది కిందికొచ్చేసరికి పీపాల్లో బీరుగా ఉంటుంది. ఇలాంటివాటిని ‘టవర్‌ బ్రూవరీ’ అంటారు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండ్‌ అంతటా ఉండేవి. పనిచేస్తున్నవి ఇప్పుడు కొన్నే.

మరి ఆ ఒక్కసారి పైకి చేర్చేదెవరు? ఆవిరియంత్రం! బర్టన్‌ పట్టణంలోని బక్స్‌టన్‌ అండ్‌ థార్న్‌లీ కంపెనీ తయారుచేసిన 25 హార్స్‌పవర్‌ యంత్రాన్ని 1899లో ఇక్కడ బిగించారు. దాని చక్రం తిరిగితే తోలుబెల్టులూ పళ్లచక్రాలూ కదిలి, అంతస్తుల మీదుగా ఆ కదలిక పాకిపోతుంది. బావిలోంచి నీళ్లు తోడేది అదే, బస్తాలు పైకి లాగేది అదే, గింజల్ని నలగ్గొట్టే మరను తిప్పేదీ అదే. 2006 వరకూ ఆ యంత్రం రోజువారీ పని చేసిందంటే నమ్మగలరా! కంప్యూటర్లు ఊరూరా వచ్చేశాక కూడా ఈ బ్రూవరీ నడిచింది ఆవిరితోనే. ఇప్పుడు దానికి విశ్రాంతినిచ్చారు. ప్రత్యేకమైన రోజుల్లో మాత్రం సందర్శకుల కోసం తిప్పి చూపిస్తారు.

అన్నట్టు, బ్రూవరీలో నీళ్లను నీళ్లు అనరు. ‘లిక్కర్‌’ అంటారు! చేతులు కడుక్కునేవి మామూలు నీళ్లు, బీరులో కలిసేవి లిక్కర్‌. ఇంగ్లండ్‌ అంతటా బ్రూవరీల్లో ఇదే పరిభాష. బీరులో తొంభై శాతానికి పైగా ఉండేది అదే కాబట్టి అంత గౌరవం. ఒక్కో ఊరి నీళ్లలో ఒక్కో రకం లవణాలు ఉంటాయి. అందుకే ఒకప్పుడు ఒక ఊరి బీరు రుచి పక్క ఊరి బీరుకి వచ్చేది కాదు. ఇప్పుడు ఆ లవణాలను లెక్కప్రకారం కలుపుకుని ఏ ఊరి నీళ్లనైనా మరో ఊరి నీళ్లలా మార్చుకోవచ్చు. హుక్‌ నార్టన్‌కి ఆ అవసరం రాలేదు. బ్రూవరీ ఆవరణలోని బావులే దానికి ఆధారం.

మొలకలు, పూలు, తోడు

తయారీ పద్ధతి వింటే మన వంటిల్లే గుర్తొస్తుంది. బార్లీని నానబెట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి వేయిస్తే మాల్ట్‌. పిల్లల జావ కోసం మనిళ్లలో రాగుల్ని మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టించినట్టే! గింజ మొలకెత్తినప్పుడు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. ఎంతసేపు, ఎంత వేడి మీద వేయించారన్నదాన్నిబట్టి రంగు మారుతుంది. తక్కువ వేయిస్తే లేత పసుపు, ఇంకాస్త వేయిస్తే రాగిరంగు, బాగా మాడిస్తే కాఫీగింజల్లా నలుపు.

ఈ మాల్ట్‌ని మరలో నలగ్గొట్టి, పెద్ద తొట్టిలో 65 డిగ్రీల వేడినీళ్లలో గంటకుపైగా నాననిస్తారు. పాయసంలా తియ్యటి ద్రవం దిగుతుంది. దాన్ని కాపర్‌ అనే పెద్ద పాత్రలోకి వదిలి, హాప్స్‌ వేసి మరగబెడతారు. హాప్స్‌ అంటే తీగకు కాసే ఆకుపచ్చటి పూలగుత్తులు. చేదూ వాసనా వాటివే. సరుకు తొందరగా చెడిపోకుండా కాపాడేవీ అవే. ఇంగ్లండ్‌లో తరతరాలుగా పేరున్న రకాలు ఫగుల్స్‌, గోల్డింగ్స్‌. ఒకటి మట్టివాసన, రెండోది పూలవాసన అంటారు తెలిసినవాళ్లు.

మరిగింది చల్లారాక ఈస్ట్‌ వేస్తారు. ఇక అసలు పని దానిదే. చక్కెర తినేసి ఆల్కహాల్‌నీ కార్బన్‌ డయాక్సైడ్‌నీ వదులుతుంది. ఇడ్లీపిండి పొంగినట్టు తొట్టెల్లో నురగ గోపురంలా లేస్తుంది. వారం తిరిగేసరికి పని పూర్తి. పైన తేరిన ఈస్ట్‌లో కొంత తీసి తర్వాతి విడతకి దాచుకుంటారు. అచ్చంగా పెరుగు తోడు పద్ధతే! ఒక బ్రూవరీ ఈస్ట్‌ ఏళ్ల తరబడి అలా తరం తర్వాత తరం నడుస్తుంది. దాని రుచి ఆ బ్రూవరీ సంతకం లాంటిది. అందుకే దాన్ని ప్రాణంలా కాపాడుకుంటారు.

ఏదీ వృథా కాదు. సారం దిగిన మాల్ట్‌ పిప్పి పశువుల దాణాకి పనికొస్తుంది. మిగిలిపోయిన ఈస్ట్‌తో ఇంగ్లండ్‌లో ‘మార్మైట్‌’ అనే ఉప్పటి లేహ్యం తయారుచేస్తారు. బ్రెడ్డుకి రాసుకుంటారు. 1902లో దాని ఫ్యాక్టరీని బర్టన్‌లో పెట్టింది అక్కడి బ్రూవరీల ఈస్ట్‌ దొరుకుతుందనే.

పీపాలో ప్రాణం ఉంటుంది

మన దగ్గర సీసాల్లో దొరికే బీర్లు చాలావరకూ ‘లాగర్‌’ రకం. చల్లటి ఉష్ణోగ్రతలో నిదానంగా పులిసి, వడగట్టి, చలచల్లగా తాగేవి. ‘ఏల్‌’ అలా కాదు. గది వాతావరణానికి దగ్గరగా, 20 డిగ్రీల చుట్టూ పులుస్తుంది. అందుకే పండ్ల వాసనలాంటివి తేలతాయి. వెనకటికి ఇంగ్లండ్‌లో హాప్స్‌ వేయనిదాన్ని ఏల్‌ అనీ వేసినదాన్ని బీరు అనీ పిలిచేవాళ్లు. హాప్స్‌ అక్కడికి పదిహేనో శతాబ్దంలో సముద్రం అవతలి నుంచి వచ్చాయి. ఇప్పుడు ఏల్స్‌లోనూ అవి ఉంటాయి. పేరు మాత్రం మిగిలింది.

సంప్రదాయ ఏల్‌ ప్రత్యేకత ఇంకోటుంది. బ్రూవరీ గేటు దాటేసరికి దాని తయారీ పూర్తికాదు! వడగట్టకుండా, వేడిచేయకుండా, బతికున్న ఈస్ట్‌తో సహా పీపాలోకి నింపేస్తారు. పబ్‌ కింద ఉండే నేలమాళిగలో అది మళ్లీ కాస్త పులుస్తుంది. ఆ గ్యాసు ఎంత ఉండాలో, ఎంత పోవాలో పీపాకి ఉన్న చెక్కబిరడాతో పబ్‌ యజమాని చూసుకోవాలి. మడ్డి తేరుకునేదాకా కదపకూడదు. తొందరగా తేరుకోవడానికి చేపల ఈతతిత్తి నుంచి తీసిన పదార్థాన్ని వేసే అలవాటు ఎప్పటినుంచో ఉంది. శాకాహారుల కోసం దాన్ని మానేసిన బ్రూవరీలూ ఉన్నాయిప్పుడు.

ఒక్కసారి పీపా తెరిచారా, గాలి తగలడం మొదలవుతుంది. మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి. లేదంటే పులిసిపోతుంది. తెల్లవారుజామున దించిన తాటికల్లు పొద్దెక్కేకొద్దీ మారిపోవడం ఎరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. అందుకే ఈ ఏల్‌కి జనం రాని పబ్‌ పనికిరాదు. రోజూ నలుగురు వచ్చి కూర్చునే చోటే అది బతుకుతుంది.

అక్కడ పల్లెటూరి పబ్‌ అంటే డీజే మోతలూ రంగురంగుల లైట్లూ కాదు. మన రచ్చబండ లాంటిది. తాతలూ మనవలూ, రైతులూ టీచర్లూ, వాళ్లతోపాటు కుక్కలూ! ఒక మూల నెగడు, మరో మూల బాణాలాట. ఊరి కబుర్లన్నీ అక్కడే. కౌంటర్‌ మీద పొడవాటి చెక్కపిడులు ఉంటాయి. బోరింగు కొట్టినట్టు వాటిని లాగితే నేలమాళిగలోంచి ఏల్‌ పైకొస్తుంది. 1797లో జోసెఫ్‌ బ్రామా పేటెంట్‌ పొందిన ఏర్పాటు అది. గ్యాసు సిలిండర్లతో పనిలేదు. 11 నుంచి 13 డిగ్రీలే చల్లదనం. ‘ఇంగ్లిషువాళ్లు వేడి బీరు తాగుతారు’ అని మిగతా ప్రపంచం వేసే జోకు వెనకున్న సంగతి ఇదే. మరీ చల్లగా ఉంటే నాలుకకి రుచి తెలియదన్నది వాళ్ల వాదన.

ఎవరి రుచి వారిది

హుక్‌ నార్టన్‌ రకాల్లో రోజువారీ తాగేది ‘హుకీ’. రాగిరంగు, కాస్త చేదు, మూడున్నర శాతం చుట్టూ ఆల్కహాల్‌. ఇలాంటివాటిని అక్కడ ‘బిటర్‌’ అంటారు. పనయ్యాక ఒకటికి రెండు గ్లాసులు తీసుకుని కబుర్లు చెప్పుకోవడానికి అన్నట్టు చేసేది. ‘ఓల్డ్‌ హుకీ’ దానికి పెద్దన్న. ముదురు రంగు, ఎండుద్రాక్ష గుర్తొచ్చే తీపి, నాలుగున్నర శాతానికి కాస్త పైన. బ్రూవరీకి దూరప్రాంతాల్లో పేరు తెచ్చింది ఇదే. ‘హుకీ గోల్డ్‌’ లేత బంగారు రంగులో ఉంటుంది. లాగర్‌కి అలవాటుపడ్డ కుర్రకారుని ఏల్‌ వైపు తిప్పడానికి ఇంగ్లండ్‌ బ్రూవరీలు చాలావరకూ ఇలాంటి రకాన్ని చేస్తున్నాయి.

‘మైల్డ్‌’ది మరో కథ. ముదురురంగు, తక్కువ చేదు, ఇంకా తక్కువ ఆల్కహాల్‌. గనుల్లో, పొలాల్లో చెమటోడ్చేవాళ్లు గ్లాసులకి గ్లాసులు తాగేవాళ్లు. 1950ల తర్వాత గనులతోపాటే దాని వైభవమూ తగ్గింది. చాలాచోట్ల పూర్తిగా మాయమైంది. ఇక్కడ మాత్రం దాన్ని ఆపకుండా తరం నుంచి తరానికి అందించారు. బాగా మాడ్చిన మాల్ట్‌తో చేసే ‘డబుల్‌ స్టౌట్‌’ చాలా ఏళ్లు ఆగిపోయి, పాత పద్ధతిని వెతికి తీసి మళ్లీ మొదలైనది. నల్లగా, చక్కెర లేని ఫిల్టర్‌ కాఫీలా ఉంటుంది. ఎండాకాలానికి ఒకటి, క్రిస్మస్‌కి ‘ట్వెల్వ్‌ డేస్‌’ అంటూ ఇంకొకటి... పండగకో పిండివంటలా రుతువుకో రకం!

ఇంగ్లిష్‌ ఏల్స్‌లో మన దేశం పేరు పెట్టుకున్నదీ ఒకటుంది. అదే ‘ఇండియా పేల్‌ ఏల్‌’. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో లండన్‌ తూర్పున ఉన్న హాడ్జ్‌సన్‌ కుటుంబం బ్రూవరీ నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో పీపాలు బయల్దేరేవి. ఆఫ్రికా కొన చుట్టూ తిరిగి మద్రాసు, కలకత్తా, బొంబాయి రేవులకు చేరేసరికి నెలలు పట్టేది. చెడిపోకుండా హాప్స్‌ దండిగా వేసేవాళ్లు. ఓడ కుదుపులకూ సముద్రపు వేడికీ అది మరింత బాగా పక్వానికొచ్చేదట. తర్వాత బర్టన్‌ కంపెనీలు ఈ వ్యాపారంలోకి దిగాయి. ఎక్కడ చేసినా పేరులో ఇండియా అలాగే ఉండిపోయింది.

ఒక్కొక్కటే ఆరిన పొయ్యి

ఇదంతా వింటే ఓ చిన్న ఊరి ముచ్చటగానే అనిపిస్తుంది. కానీ చుట్టుపక్కల ఏం జరిగిందో చూస్తేగానీ హుక్‌ నార్టన్‌ విలువ తెలియదు.

పక్కనే ఉన్న బాన్‌బరీలో హంట్‌ ఎడ్మండ్స్‌ బ్రూవరీ ఉండేది. పెద్ద కంపెనీ చేతుల్లోకి వెళ్లి 1967లో ఆగిపోయింది. ఆక్స్‌ఫర్డ్‌ నగరం నడిబొడ్డున 1782 నుంచి ఉన్న మోరెల్స్‌ బ్రూవరీ 1998లో మూతపడింది. ఆ భవనాలు ఇప్పుడు ఖరీదైన అపార్ట్‌మెంట్లు. ఆబింగ్‌డన్‌లోని మోర్లాండ్‌ది 1711 నాటి చరిత్ర. సఫక్‌కి చెందిన గ్రీన్‌ కింగ్‌ కంపెనీ దాన్ని కొన్నాక 2000లో అక్కడి బ్రూవరీ ఆగిపోయింది. ఆబింగ్‌డన్‌లోని ఎంజీ కార్ల ఫ్యాక్టరీ యాభయ్యేళ్ల పండగ కోసం 1979లో మోర్లాండ్‌ చేసిన ‘ఓల్డ్‌ స్పెకిల్డ్‌ హెన్‌’ ఏల్‌ మాత్రం ఇప్పటికీ దొరుకుతుంది. కాకపోతే తయారయ్యేది వేరే జిల్లాలో!

థేమ్స్‌ ఒడ్డున హెన్లీలో 1779 నుంచి ఉన్న బ్రాక్‌స్పియర్‌ బ్రూవరీ 2002లో మూతపడి హోటల్‌గా మారింది. దాని ఏల్స్‌ మీద మక్కువతో పాత తొట్టెలను విట్నీ పట్టణంలోని విచ్‌వుడ్‌ బ్రూవరీకి తరలించి, అక్కడ మళ్లీ తయారీ మొదలుపెట్టారు. జనం సంతోషించారు. ఆ విచ్‌వుడ్‌ కూడా చేతులు మారుతూ మారుతూ 2023 నవంబరులో మూతపడింది.

ఇలా జిల్లాలో పేరున్న పాత పొయ్యిలన్నీ ఆరిపోయాయి. వీటిలో చాలా సీసాల పేర్లు బతికాయి. ఊళ్లు మాత్రం వాటి నుంచి తప్పుకున్నాయి. లేబుల్‌ మీద ఆ ఊరి చరిత్ర ఉంటుంది. లోపల ఆ ఊరి నీళ్లుండవు. ఆ ఊళ్లో దానిమీద బతికే మనిషీ ఉండడు.

నిజానికి 1970ల నాటికే సంప్రదాయ ఏల్‌ పనైపోయిందనుకున్నారు. వడగట్టి, గ్యాసు నింపి, నెలలు నిల్వుండే డబ్బా బీర్లతో పెద్ద కంపెనీలు దేశమంతా ఒకే రుచిని పంచేస్తున్న కాలమది. అప్పుడు 1971లో నలుగురు స్నేహితులు ఐర్లండ్‌ విహారయాత్రలో పబ్‌లో కూర్చుని ఓ సంఘం పెట్టుకున్నారు. అదే ‘క్యామ్రా’. పీపాలో బతికుండే ఏల్‌ని కాపాడటమే దాని పని. కబుర్లలో పుట్టిన ఆ సంఘం ఇంగ్లండ్‌లో పెద్ద వినియోగదారుల ఉద్యమంగా ఎదిగింది. హుక్‌ నార్టన్‌ లాంటి బ్రూవరీలను దూరప్రాంతాలవాళ్లు వెతుక్కుంటూ వచ్చింది ఆ తర్వాతే.

ఎలా నిలబడింది?

మొదటి కారణం... అమ్మాలనుకోకపోవడం! జాన్‌ హ్యారిస్‌ వారసులైన క్లార్క్‌ కుటుంబమే తరాలుగా దీన్ని నడుపుతోంది. వాటాలు బయటివాళ్ల చేతుల్లో ఉంటే ఖాళీ స్థలం ఖరీదు చూసి అమ్మేయమనేవాళ్లు. పట్టణం నడిబొడ్డునున్న బ్రూవరీలకు జరిగింది అదే. ఊరి చివర లోయలో ఉన్నదాని స్థలం మీద బిల్డర్ల కన్ను అంతగా పడదు. మారుమూల కావడం కూడా ఒకందుకు మంచిదే అయింది.

రెండోది సొంత పబ్బులు. చుట్టుపక్కల ఊళ్లలో బ్రూవరీకి తనవైన పబ్బులు ఉండటం వల్ల పీపాలు ఎక్కడికి వెళ్లాలన్న బెంగ లేదు. మూడోది పన్ను. 2002లో బ్రిటన్‌ ప్రభుత్వం చిన్న బ్రూవరీలకు సుంకం తగ్గించింది. దాంతో దేశమంతటా కొత్త బ్రూవరీలు వందల్లో పుట్టుకొచ్చాయి. పాతదానికి పోటీ పెరిగింది, కానీ ఏల్‌ మీద ఆసక్తీ పెరిగింది.

నాలుగోది, పాతదాన్ని పారేయకపోవడం. కొత్త యంత్రాలు వచ్చాయి. అయినా పాతవాటిని తుక్కుకింద అమ్మేయలేదు. మాల్ట్‌ తయారుచేసిన పాత కట్టడంలో మ్యూజియం పెట్టారు. గుర్రాలూ అలాగే. షైర్‌ జాతి గుర్రం భుజం దగ్గరే ఐదున్నర అడుగులుంటుంది. బరువు టన్నుకి దగ్గర. కాళ్లకి తెల్లటి వెంట్రుకల కుచ్చులు, మెడలో ఇత్తడి బిళ్లలు. పీపాల బండి లాగుతూ అది ఊళ్లోంచి నడుస్తుంటే పిల్లలు పరుగెత్తుకొస్తారు. లారీలు వచ్చాక ఇంగ్లండ్‌లో ఈ జాతి తగ్గిపోయింది. అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. దగ్గరి పబ్బులకు గుర్రపుబండిలో సరఫరా చేసే ఆనవాయితీని ఈ బ్రూవరీ ఇరవయ్యొకటో శతాబ్దంలోకీ తెచ్చింది.

ఇంతా చేసి, ముప్పు తప్పిపోయిందా అంటే లేదు. బ్రిటన్‌లో ఏటా వందల సంఖ్యలో పబ్బులు మూతపడుతున్నాయి. 2020 మార్చిలో కరోనాతో అన్నీ ఒక్కసారి తలుపులు వేసుకున్నప్పుడు నేలమాళిగల్లోని ఏల్‌ అంతా మురిగిపోయి పారబోయాల్సి వచ్చింది. డబ్బా బీరైతే ఆగేది. బతికున్నది ఆగలేదు. తర్వాత కరెంటు, గ్యాసు, బార్లీ ధరలు పెరిగాయి. కుర్రకారులో తాగేవాళ్లు తగ్గారు. ఆరోగ్యానికి అది మంచిదే, కాదనేవాళ్లు లేరు. కానీ పబ్‌ పోతే పోయేది గ్లాసొక్కటే కాదన్నది ఊరివాళ్ల బెంగ. చలికాలపు సాయంత్రం ఒంటరి ముసలాయన వెళ్లి నలుగురితో మాట్లాడే చోటు ఇంకోటి ఉండదు మరి.

అందుకే బ్రూవరీలో బీరుతోపాటు పర్యటకులకూ పెద్దపీట వేశారు. మెట్లెక్కించి అంతస్తంతస్తూ చూపిస్తారు. మాల్ట్‌ గింజ నోట్లో వేసుకోమంటారు, హాప్స్‌ అరచేతిలో నలిపి వాసన చూడమంటారు. తాగే అలవాటు లేనివాళ్లకీ బోలెడంత చూడ్డానికి ఉంటుంది.

లండన్‌లోని మేరీలెబన్‌ స్టేషన్‌ నుంచి బాన్‌బరీకి రైల్లో సుమారు గంట ప్రయాణం. అక్కడినుంచి బస్సో ట్యాక్సీయో పట్టుకోవాలి. ఆక్స్‌ఫర్డ్‌ చూడటానికి వెళ్లినవాళ్లకి ఓ పూట చాలు. బ్రూవరీ లోపలికి వెళ్లాలంటే ముందే బుక్‌ చేసుకోవడం మంచిది. పక్కనే ‘పేర్‌ ట్రీ’ అని పాత పబ్‌ ఉంది. పీపా అక్కడికి చేరడానికి నాలుగడుగులు చాలు. ఇంగ్లండ్‌లో ఇంతకంటే తక్కువ దూరం ప్రయాణించే బీరు దొరకడం కష్టమే!

పీపాల లెక్క

ఏల్‌ పీపాలకు తలా ఓ పేరుంది. అతి చిన్నది ‘పిన్‌’, నాలుగున్నర గ్యాలన్లు. దానికి రెట్టింపు ‘ఫర్కిన్‌’, తొమ్మిది గ్యాలన్లు. అంటే 72 పైంట్లు, సుమారు 41 లీటర్లు. పబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. దానికి రెట్టింపు ‘కిల్డర్‌కిన్‌’. దానికి మళ్లీ రెట్టింపు ‘బ్యారెల్‌’, 36 గ్యాలన్లు. ఒకప్పుడు ఇవన్నీ ఓక్‌ చెక్కతో చేసేవాళ్లు. చెక్కపలకల్ని వేడికి వంచి, ఇనుప పట్టీలు బిగించి, చుక్క కారకుండా అమర్చే పనివాణ్ని ‘కూపర్‌’ అంటారు. మన కంసాలి, వడ్రంగి లాంటి చేతివృత్తి. ఇప్పుడు పీపాలు చాలావరకూ లోహానివే. కూపర్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. ఇంటిపేరుగా మాత్రం ‘కూపర్‌’ ప్రపంచమంతా ఉంది.